కారు ధరపై పెత్తనం కంపెనీది, బాధ్యత ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

టెస్లా కంపెనీ 2025 జూలైలో ముంబైలో షోరూం తెరిచి, మధ్యలో డీలరు లేకుండా తానే కార్లు అమ్మడం మొదలుపెట్టినప్పటి నుంచి, మన దేశంలో తయారీదారు నుంచి నేరుగా కారు కొనే పద్ధతి మంచిదా కాదా అన్న చర్చ వినిపిస్తోంది. దాదాపు అరవై లక్షలు పెట్టి ఆ కారు కొనగలిగినవారి సంగతి అలా ఉంచి, ఏడెనిమిది లక్షల కారు కోసం ఏళ్ల తరబడి కూడబెట్టుకునే కుటుంబాల వైపు నుంచి ఈ విషయాన్ని చూడాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నిరుడు నేనొక చిన్న కారు కొన్నాను. షోరూంలో ఇచ్చిన కొటేషన్‌లో ఎక్స్‌షోరూం ధర, లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సులతో పాటు 'హ్యాండ్లింగ్ ఛార్జీలు' అంటూ 8,500 రూపాయలు, మ్యాట్లు, మడ్‌ఫ్లాపులు ఉన్న కిట్ పేరిట మరో 11,000 రూపాయలు వేశారు. కిట్ వద్దంటే డెలివరీ ఆలస్యమవుతుందన్నారు. ఇన్సూరెన్సు బయట చేయించుకుంటానంటే, ఇస్తామన్న తగ్గింపు ఉండదన్నారు. తమ దగ్గరే పాలసీ తీసుకోవాలని డీలర్లు కొనుగోలుదారును బలవంతపెట్టకూడదని బీమా నియంత్రణ సంస్థ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చిన సంగతి నాకు తర్వాత తెలిసింది. కంపెనీకి ఫిర్యాదు పంపితే, డీలరు స్వతంత్ర వ్యాపారి అనీ, ఆ లావాదేవీతో తమకు సంబంధం లేదనీ రెండు వాక్యాల్లో జవాబు వచ్చింది. కారు ముందు భాగాన మెరిసే గుర్తు ఆ కంపెనీదే, షోరూం మీది బోర్డూ దానిదే, టీవీలో ప్రకటన చూపి నన్ను ఆ గుమ్మం ఎక్కించిందీ అదే. అందుకే ఆ జవాబు నన్ను చాలా బాధించింది.

అయితే చట్టం దృష్టిలో ఆ జవాబును తప్పు పట్టడం కష్టం. 2011లో కొత్త కారుకు డబ్బు కట్టిన గోవా వినియోగదారుడొకరికి డీలరు 2009లో తయారైన కారు అంటగట్టబోయిన వివాదంలో, వినియోగదారుల కమిషన్లు డీలరుతో పాటు టాటా మోటార్స్‌ను కూడా బాధ్యురాలిని చేశాయి. కానీ ఆ ఇద్దరి మధ్య ఉన్నది యజమాని, ఏజెంటు సంబంధం కాదనీ, డీలరు చేసిన పని కంపెనీకి తెలుసనడానికి ఆధారం లేదనీ చెప్పి, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కంపెనీని ఆ బాధ్యత నుంచి తప్పించింది. ఉన్న ఒప్పందాన్ని బట్టి న్యాయస్థానం తీర్పు చెప్పింది. అటువంటి ఒప్పందాలను ఇంకా ఎంతకాలం అనుమతించాలన్నది ప్రభుత్వాలు తేల్చవలసిన ప్రశ్న.

ఎందుకంటే ఈ 'స్వతంత్ర వ్యాపారి' నిజానికి ఎంత స్వతంత్రుడో అదే ఏడాది ఆగస్టులో, వ్యాపారంలో పోటీకి అడ్డుపడే పనులను విచారించే కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు బయటపెట్టింది. తాను నిర్ణయించినదాని కంటే ఎక్కువ తగ్గింపు ఇవ్వకుండా మారుతి సుజుకీ తన డీలర్లను కట్టడి చేసిందనీ, ఎవరు మాట తప్పుతున్నారో కనిపెట్టడానికి కొనుగోలుదారుల వేషంలో మనుషులను పంపించి, దొరికిన డీలరుకూ, అక్కడి సిబ్బందికీ జరిమానాలు వేసిందనీ తేల్చి, కమిషన్ ఆ కంపెనీకి 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది, అది దాని హక్కు. కానీ వినియోగదారుడికి పదివేలు తగ్గించే స్వేచ్ఛ డీలరుకు లేకుండా చేయగల కంపెనీ, అదే డీలరు పదివేలు అదనంగా గుంజితే మాకు సంబంధం లేదనడం ఏ న్యాయం?

దీనికి మందు ఇప్పటికే మన దేశంలో ఉంది. మెర్సిడెస్ బెంజ్ 2021 అక్టోబరు నుంచి కార్లను తన సొంత స్టాకుగా ఉంచుకుని, దేశమంతటా ఒకే ధరకు, తన పేరుతోనే బిల్లు ఇచ్చి అమ్ముతోంది. పాత డీలర్లు కమిషన్ తీసుకుని షోరూంలు, టెస్ట్ డ్రైవులు, సర్వీసు చూసుకుంటున్నారు. లక్షాధికారులకు అందిన ఈ సౌకర్యం సామాన్యుడి కారుకు ఎందుకు అందకూడదు? చట్టం కూడా అడ్డు రాదు. రిజిస్ట్రేషన్‌కు అవసరమైన 21వ నమూనా అమ్మకపు ధ్రువపత్రాన్ని తయారీదారు గానీ డీలరు గానీ ఇవ్వవచ్చని మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. అయినా పెనుకొండ దగ్గర కియా కర్మాగారం పక్క ఊళ్లో ఉండే రైతు కూడా అక్కడ తయారైన కారు కోసం డీలరు షోరూంకే వెళ్లాలి.

డీలర్లను తీసేయమని నేను అనడం లేదు. షోరూం, వర్క్‌షాపు కోసం అప్పులు తెచ్చినవారు, జనరల్ మోటార్స్ మన దేశంలో 2017లో అమ్మకాలు ఆపినప్పుడు, ఫోర్డ్ 2021లో తయారీ మానేస్తున్నట్టు ప్రకటించినప్పుడు నడిరోడ్డున పడ్డారు. కమిషన్ పద్ధతిలో స్టాకు భారం కంపెనీది కాబట్టి వారికీ కొంత రక్షణ ఉంటుంది. నేరుగా అమ్మినంత మాత్రాన సేవ బాగుపడుతుందనీ అనుకోను. సొంత దుకాణాల ద్వారా స్కూటర్లు అమ్మే ఓలా ఎలక్ట్రిక్‌పై 2023 సెప్టెంబరు నుంచి ఏడాది కాలంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు 10,644 ఫిర్యాదులు వచ్చాయి. కాకపోతే 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసు పంపవలసి వచ్చినప్పుడు, ఎవరికి పంపాలన్న సందేహమే కలగలేదు.

అందువల్ల కారు ఎవరు అమ్మినా, ధర, తయారైన నెల, సంవత్సరం, అదనపు వసూళ్ల విషయంలో తయారీదారును కూడా బాధ్యుణ్ణి చేస్తూ కేంద్రం వినియోగదారుల రక్షణ చట్టాన్ని సవరించాలి. అంతవరకు, డీలర్లకు ట్రేడ్ సర్టిఫికెట్లు ఇచ్చే మన రెండు రాష్ట్రాల రవాణా శాఖలు ఆ సర్టిఫికెట్లను పునరుద్ధరించేటప్పుడు వారి కొటేషన్లను తెప్పించుకుని చూడాలనీ, ఇన్సూరెన్సు, కిట్ కొనుగోలుదారు ఇష్టమేనని ప్రతి షోరూంలో పెద్ద అక్షరాల తెలుగులో రాయించాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం