రేకుల ఫ్యాక్టరీ దుమ్ము ఇంటిదాకా వచ్చింది

సంపాదకుడు గారికి,

మా నాన్న రిటైరయ్యేదాకా ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పనిచేశారు. దుమ్ము కొట్టుకుపోయిన ఆయన ఖాకీ బట్టలు దులిపి ఉతికింది అమ్మ. మెసోథీలియోమా వచ్చిందీ అమ్మకే. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణం ఆస్బెస్టాస్. పీల్చిన 20, 40 ఏళ్లకు గానీ బయటపడదు. మొదట చూపించిన ఆసుపత్రిలో ఛాతీలో నీరు తీసి టీబీ మందులు రాశారు. ఇంట్లో ఎవరు ఏం పని చేసేవారని ఒక్కరూ అడగలేదు. వేరేచోట పొర ముక్క తీసి బయాప్సీ చేస్తేనే అసలు సంగతి తేలింది. ఇప్పుడు కీమో నడుస్తోంది.

ఇదే నాన్నకు వచ్చి ఉంటే చట్టంలో దారి ఉండేది. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమా సామాజిక భద్రతా కోడ్ (2025 నవంబరు దాకా ఉద్యోగుల పరిహార చట్టం) మూడో షెడ్యూల్లో, అంటే పనివల్ల వచ్చే జబ్బుల జాబితాలో ఉన్నాయి. కార్మికుల ఆరోగ్య రికార్డులను చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు దాచాలని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పాత కార్మికులు ఆ రికార్డులు అడగండి, పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలు పారేయకండి. డాక్టరుకు పాత ఉద్యోగం సంగతి మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

అమ్మ మాత్రం "ఉద్యోగి" కాదట! ఆవిడకు మిగిలింది ఏళ్లకేళ్లు సాగే సివిల్ దావా. జీతం లేకుండా ఆ దుమ్ము ఉతికిన ఆడవాళ్లకూ పరిహారం వర్తించేలా ప్రభుత్వం చట్టం సవరించాలి. రిటైరైనవాళ్లతో పాటు వాళ్ల భార్యలకూ ఫ్యాక్టరీల ఖర్చుతోనే ఛాతీ పరీక్షలు చేయించాలి.

— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్