ఇంగ్లండ్ నదిలో తెడ్డు వేసే ముందు

సంపాదకులకు,

వేసవి వచ్చిందంటే ఇంగ్లండ్‌లో మన తెలుగు కుటుంబాలు గాలి నింపే కయాకో, ప్యాడిల్ బోర్డో కారులో పడేసుకుని దగ్గర్లోని నదికి బయల్దేరుతున్నాయి. ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్న మనిషి "ఇక్కడ మీకు హక్కు లేదు" అని కేకలేస్తే, మన రంగు చూసి అరిచాడనుకుంటున్నారు. అలాంటివాళ్లూ ఉంటారు. కానీ తెల్లవాళ్ల మీదా అలాగే అరుస్తారు. అది దశాబ్దాల నాటి నేల తగాదా.

ఇంగ్లండ్, వేల్స్‌లలో పారే నీరు ఎవరి సొత్తూ కాదు. ఆటుపోట్లు తగలని చోట నది అడుగు నేల మాత్రం సాధారణంగా ఒడ్డు యజమానిది. అటూ ఇటూ వేర్వేరు యజమానులుంటే నడి ఏటి దాకా చెరి సగం. చేపలు పట్టే హక్కును విడిగా అమ్ముకోవచ్చు, కౌలుకిచ్చుకోవచ్చు. గాలం క్లబ్బులు డబ్బు కట్టేది దానికే. పేరున్న సాల్మన్ చేపల మడుగులో ఒక్క రోజుకు వందల పౌండ్లు పోసేవాళ్లున్నారు. పడవ హక్కుకు మాత్రం ప్రత్యేక చట్టమో, తరతరాల వాడుకో ఉండాలి. వివాదం లేకుండా ఆ హక్కున్నది నూటికి నాలుగు వంతుల నదుల్లోనే అని పడవ సంఘాల లెక్క. వార్ఫ్ నది మీద వచ్చిన రాసన్–పీటర్స్ కేసులో అప్పీలు కోర్టు 1972లో ఇంకో ముడి వేసింది: ఆ సమయానికి ఎవరూ గాలం వేయకపోయినా కెనూలు (తెడ్డు పడవలు) తిప్పడం చేపల హక్కుకు అడ్డేనట.

మా మటుకు మాకు ఇది మారాల్సిన చట్టమే. స్కాట్లండ్ 2003లో చట్టం చేసి, బాధ్యతగా నడిపే తెడ్డు పడవలకు నదుల్నీ సరస్సుల్నీ తెరిచింది. అక్కడ సాల్మన్ గాలాలేమీ మూతపడలేదు. కెనూల వల్ల చేపల సంతతి తగ్గుతోందనడానికి ఆధారం కనబడలేదని నదులు చూసుకునే ప్రభుత్వ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ నివేదిక 2000లోనే చెప్పింది. అయినా మారేదాకా ఉన్న చట్టంతోనే నెట్టుకురావాలి.

మొదట హక్కున్న నీళ్లకే వెళ్లండి. వై నదిలో హే-ఆన్-వై వంతెన నుంచి దిగువకు ప్రజలకు పడవ హక్కుంది, లైసెన్స్ అక్కర్లేదు. థేమ్స్‌లోనూ హక్కుంది గానీ లైసెన్స్ కావాలి, చాలా కాలువలకూ అంతే. తెడ్డు పడవల సంఘం ప్యాడిల్ యూకేలో సభ్యత్వం తీసుకుంటే సుమారు 4,500 కిలోమీటర్ల జలమార్గాలకు లైసెన్స్ అందులోనే వస్తుంది.

గాలం మనిషి కనబడితే ఎగువనే తెడ్డు ఆపి, అతని కంట పడి, ఎటు నుంచి పొమ్మంటారని అడగండి. అవతలి ఒడ్డు పట్టుకుని పోతే చాలనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. బెండు కట్టి దగ్గర్లో వేసినప్పుడు అది సరే. కానీ ఎర నింపిన చిన్న బుట్టను అవతలి ఒడ్డు కింద దింపినవాడికి దారం ఏటికి అడ్డంగా ఉంటుంది. అవతలికి వెళ్లేకొద్దీ ఎర మీదికే పోయినట్టు. అతను రాడ్ (గాలం కర్ర) కొన నీళ్లలో ముంచి దారం దింపుతాడు, ఇవతలి ఒడ్డునే, రాడ్‌కి దగ్గరగా దాటిపోవాలి. నడుం లోతు నీళ్లలో నిలబడి ఈగ గాలం (ఈగలాంటి ఎర) విసిరేవాడికి వెనక చోటుంటే అటే వెళ్లాలి, రాడ్ వెనక్కి విసరని అదను చూసుకుని. పది పడవలుంటే గుంపుగా ఒకేసారి దాటండి. ఒక్కొక్కటీ అరగంట పాటు వస్తుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మడుగులో ఆగి ఫొటోలు దిగొద్దు. నవంబరు, డిసెంబరుల్లో సాల్మన్ గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది, పిల్లలు వసంతంలో గానీ బయటికి రావు. అన్నాళ్లూ లోతు తక్కువ చోట పడవ ఈడ్చకూడదు. పారే నీటిలో ప్యాడిల్ బోర్డు తాడు చీలమండకు కట్టొద్దు. కొమ్మకు చుట్టుకుంటే చెయ్యి అందదు. లాగితే ఊడే నడుం పట్టీయే కట్టాలి.

గాలం వేసే మనవాళ్లకూ ఒక మాట. 13 ఏళ్లు నిండితే రాడ్ లైసెన్స్ ఉండాల్సిందే, లేకపోతే 2,500 పౌండ్ల దాకా జరిమానా. లైసెన్స్ ఒక్కటీ చాలదు, ఆ నీటి యజమానిదో క్లబ్బుదో అనుమతి వేరే కావాలి. సాల్మన్, ట్రౌట్ కాని చేపలకు మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ఇంగ్లండ్ నదుల్లో నిషేధం. పట్టినదాన్ని పులుసుకని సంచిలో వేసుకుంటే గొడవే: కొలతల ప్రకారం కొన్ని చేపలే ఉంచుకోవచ్చు, అవీ యజమాని ఒప్పుకుంటేనే.

ఎవరైనా ఆపితే వాదన పెట్టుకోవద్దు. హక్కు లేని నీటిలో పడవ వేయడం సివిల్ తగాదాయే గానీ నేరం కాదు, అంతమాత్రాన పోలీసులు అరెస్టు చేయరు. యజమాని కోర్టుకు మాత్రం వెళ్లగలడు. "వెళ్లిపోతున్నాం" అని చెప్పి దిగువకు సాగండి. అక్కడే ఒడ్డెక్కితే ఇంకొకరి పొలంలో కాలు పెట్టినట్టవుతుంది.

— ఇంగ్లండ్‌లో గాలం, తెడ్డు రెండూ పట్టే కొందరు తెలుగువాళ్లు