ఫ్లైఓవర్ కింద సైకిలు దారి

ఒరేయ్ గిరీ,

బాగుండావా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇక్కడ అందరం కులాసా. ఈసారి ఉత్తరం నిండా ఒకటే సంగతి, ఓపిగ్గా చదువు.

మా వీధివాళ్లం సైకిలు లేన్ కావాలని తిరుపతి కార్పొరేషన్‌కు అర్జీ పెడుతున్నాం. ఎక్కడనుకున్నావ్? లీలామహల్ సర్కిల్ దగ్గర, శ్రీనివాస సేతు కింద రోడ్డుకి. 2023లో ఆ ఫ్లైఓవర్ తెరిచినాక కొండకు పొయ్యే బండ్లు శానా వరకు పైనే పోతుండాయి. కింద మిగిలింది ఊరివాళ్ల రోడ్డు కదప్పా! అందులో అంచున కాస్త జాగా సైకిళ్లకి ఇడిస్తే ఏం పోతుంది?

ఈ కాలంలో సైకిలు ఎవురు తొక్కుతారంటావేమో. తెల్లారకముందే వచ్చి చూడు. హ్యాండిల్‌కి చెరోపక్క పాల క్యాన్లు, వెనక క్యారియర్ మీద తడిగుడ్డ కప్పిన పూలబుట్ట, కొర్లగుంట నుంచి హోటలు పనికొచ్చే పిల్లోళ్లు, యూనివర్సిటీ వైపు పొయ్యే విద్యార్థులు. వీళ్ల గురించి ఏ మీటింగులోనూ ఎవురూ అడగరు. మొన్న మా ఎదురింటి పాప బడికి పోతుంటే వెనకనుంచి బస్సు గట్టిగా హారన్ కొట్టింది. ఆ బిడ్డ సైకిలు దిగి, కాలవ మీది బండ ఎక్కి, బస్సు పొయ్యేదాకా హ్యాండిల్ గట్టిగా పట్టుకుని నిలబడింది. రోజూ అంతేనంట. వాళ్లమ్మ ఆ మాట చెబుతుంటే నాకు కడుపులో దేవినట్టయింది.

అంగళ్లవాళ్లను ఒప్పించేదే పెద్ద పని. టిఫిన్ సెంటర్ అన్న అయితే "కార్లు ఆగకుంటే నా బేరం ఏంగావాల?" అని మండిపడినాడు. ఆయన భయం నిజమే, ఉత్త మాటలతో పొయ్యేది కాదు. అందుకే ఆదివారం పొద్దున్నే ఆయన అంగడి ముందర ముగ్గుపిండితో ఒక కారు పట్టేంత చతురస్రం గీసి, వీధిలో సైకిళ్లన్నీ తెచ్చి అందులో నిలబెట్టినాం. ఆ అన్నే లెక్కబెట్టినాడు. పది పట్టినాయి! "పది సైకిళ్లంటే పదిమంది దోసె తినేవాళ్లు కదన్నా" అంటే కాసేపు మీసం దువ్వుకుని, మొదటి సంతకం ఆయనే పెట్టినాడు.

ఆటో అన్నలు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. లేన్ వస్తే స్టాండు ఎక్కడ పెట్టుకోవాలని అడుగుతుండారు. న్యాయమైన మాట. స్టాండు జాగా కూడా అదే ప్లానులో చూపించాలని అర్జీలో చేర్చినాం.

నెదర్లాండ్స్‌ని చూసి అది సైకిళ్ల దేశమంటాం గానీ, అక్కడా ఊరికే రాలేదు. 1971లో రోడ్డు ప్రమాదాల్లో అక్కడ 400 మందికి పైగా పిల్లలు చనిపోతే, తల్లిదండ్రులు పిల్లలతో సహా రోడ్ల మీద కూర్చున్నారు. ఆ తర్వాతే ప్రభుత్వం కదిలింది. మన హైదరాబాదులో కూడా 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాకు, పైన సోలార్ పలకలతో కట్టినారు. బాగుంది. కానీ అది ఎక్కువగా వ్యాయామానికి పొయ్యేవాళ్లకి. మాకు కావాల్సింది పాలు పోసేవాళ్లకి, బడికి పొయ్యేవాళ్లకి దారి.

ఇంకోటి, రంగు గీత ఒక్కటే గీసి ఇడిస్తే మేము ఒప్పుకోం. మధ్యాన్నానికంతా దాని మీద బైకులు నిలబెడతారు. సిమెంటు అంచు కట్టాల, కాలవ మూతలు రోడ్డుకి సమంగా ఉండాల, మలుపుల దగ్గర సైకిలువాడు డ్రైవరు కంట్లో పడేలా ఉండాల. ఈ మూడూ లేకుంటే ఆ లేన్‌ని నమ్మి పిల్లల్ని పంపలేం.

అందుకే రా, నీతో పనిపడింది. నువ్వు రోజూ రోడ్ల డ్రాయింగులు వేసేవాడివి కదా. టేపు పట్టి కొలిచిన వెడల్పులు, స్తంభాల మధ్య దూరాలు, ఆటోలు నిలబడే చోట్లు అన్నీ వేరే కాగితం మీద రాసి ఈ కవర్లోనే పెట్టినా. ఆఫీసువాళ్లకి అర్థమయ్యేలా ఒక బొమ్మ వేసి పంపించు. వచ్చే సోమవారం అర్జీలు తీసుకునే రోజు, శనివారానికే నా చేతికి అందాల.

నీ
రమణ