ఒరేయ్ చెంబూ, ఇంకా పాతలేదు కదా?

ఒరేయ్ చెంబూ,

నీ ఉత్తరానికి జవాబు ఇన్నాళ్లకి రాస్తున్నా. తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మోకాలు అలాగే ఉంది, నీ గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది (ఉంటుంది కూడా). మిగతా కబుర్లు తరవాత. నువ్వు పంపిన ఫొటో చూశాక చెయ్యి ఆగలేదు. ఆ స్ట్రాబెర్రీ కట్ట ఇంకా విప్పలేదనే ఆశతో రాస్తున్నా. పాతేసి ఉంటే మాత్రం ఈ కాగితం పట్టుకునే పెరట్లోకి నడువు.

"చచ్చిన ఎలక తోకలు పంపించారు" అన్నావు. చావలేదురా, నిద్రపోతున్నాయి. బేర్ రూట్ మొక్కలంటే అంతే. చలికి నిద్రలోకి జారుకున్నాక తవ్వి తీసి, మట్టి దులిపి, ఆకులు కోసేసి, కట్టలు కట్టి సున్నా డిగ్రీల చుట్టుపక్కల దాస్తారు. ప్రాణం ఉందో లేదో తెలియాలంటే ఎండుటాకుల్ని చూసి లాభం లేదు. వేర్లకీ ఆకుకాడలకీ మధ్య బొద్దుగా ఓ ముడి ఉంటుంది చూడు, అదే క్రౌన్. దాన్ని వేళ్లతో నొక్కు. గట్టిగా ఉంటే బతికున్నట్టే. మెత్తగా నొక్కుకుపోయి, కుళ్లు వాసన వేస్తే పోయినట్టే. అనుమానం తీరకపోతే అన్నిట్లోకీ బక్కదాన్ని ఒకదాన్ని బలిచ్చి, క్రౌన్‌ని నిలువునా కొయ్యి. లోపల తెల్లగా ఉండాలి. ఇటుక రంగు మచ్చలో చారలో కనిపిస్తే అది తెగులు. ఆ కట్టని మడి దరిదాపులకి రానివ్వకు. వేర్లు పైకి గోధుమ రంగులో ఉన్నా కంగారు పడకు, నల్లబడి జారుడుగా ఉంటేనే భయం.

ఇప్పుడు నా గుబులంతా ఆ క్రౌన్ ఎత్తు గురించే. నీ చేత్తో ఏది పాతినా గుంజ పాతినట్టే ఉంటుంది. (ఆ మందారం... సరే, దాని ఊసెత్తనని ఒట్టేశాను కదా.) స్ట్రాబెర్రీ దగ్గర ఆ మోటుతనం కుదరదు. సెంటీమీటరు అటూఇటూ అయినా మొక్క దక్కదు. చిగురు పుట్టేది క్రౌన్ నెత్తి మీద. ఆకైనా, పువ్వైనా, రన్నరైనా (నేల మీద పాకి పిల్లమొక్కలు పెట్టే తీగ) అక్కణ్ణించే రావాలి. దాన్ని మట్టిలో ముంచావా, తడి పట్టుకుని కుళ్లిపోతుంది. పోనీ అని పైకి తేల్చావా, అదింకా దొంగదెబ్బ. కొత్త వేర్లు పాత వేర్ల చివర్నించే వస్తాయనుకుంటాం కానీ, చాలావరకు క్రౌన్ అడుగు భాగం నుంచే దిగుతాయి. అక్కడ మట్టి లేకపోతే ఆ లేతవేర్లు గాలికి మాడిపోతాయి. తమాషా ఏమిటంటే పైకి ఏమీ తెలీదు! వారం పది రోజుల్లో రెండాకులు వేస్తుంది, నువ్వు "పట్టుకుంది" అని గంతులేస్తావు. అవి కొత్త వేర్ల సంపాదన కాదురా, క్రౌన్‌లోనూ పాత వేర్లలోనూ దాచుకున్న పిండిపదార్థం పెడుతున్న ఖర్చు. నిల్వ అయిపోయే నాటికి కొత్త వేర్లు దిగకపోతే ఆ రెండాకులూ ఒక్కసారిగా వాలిపోతాయి. అప్పుడు నీళ్లు తక్కువయ్యాయని నువ్వు చెంబెత్తుతావు.

అందుకే ఇలా చెయ్యి. గుంట లోతు కన్నా వెడల్పు ముఖ్యం, జానెడు వెడల్పు ఉండాలి. గుంట మధ్యలో మట్టిని గరాటు బోర్లించినట్టు కుప్పగా చెయ్యి. వేర్లు మరీ పొడుగుంటే 10-12 సెంటీమీటర్లు ఉంచి కత్తిరించెయ్, పాపం తగలదు. పొడుగు వేర్లని గుంటలో కుక్కితే కొనలు పైకి వంకర తిరుగుతాయి, కత్తిరించడం కన్నా అదే ఎక్కువ చెరుపు. ఇప్పుడు మొక్కని ఆ కుప్ప మీద కూర్చోబెట్టి, వేర్లని చుట్టూ గొడుగు ఊచల్లా పరుచు (గొడుగు అనగానే అడక్కు, ఇవ్వను). గుంట మీద అడ్డంగా ఒక పుల్ల పెట్టు. పుల్ల క్రౌన్ నడుముకి తగలాలి. సగం మట్టిలో, సగం బయట, చిగురు ఆకాశంలోకి. తగ్గినా పెరిగినా కుప్పనే సరిచెయ్యి. తరవాత మట్టి పోసి పిడికిలితో చుట్టూ గట్టిగా అదుము. లోపల ఖాళీ ఉంటే వేరు ఎండుతుంది. ఒక ఆకుకాడ పట్టి మెల్లిగా లాగి చూడు. మొక్క కదిలొస్తే నువ్వు అదమనట్టే.

ఇంకా అయిపోలేదు. నీళ్లు పొయ్యగానే మట్టి దిగుతుంది. పొద్దున సరిగ్గా ఉన్న క్రౌన్ సాయంత్రానికి తేలిపోవచ్చు, లేదా చిగురు మీదకి బురద చేరొచ్చు. తడిపిన అరగంటకి ఒకసారి, వారానికి ఒకసారి, గట్టి వాన పడితే ఇంకోసారి ఒక్కో మొక్క దగ్గరా వంగి చూడాలి. బురద ఉంటే వేలితో తుడువు, తేలితే మట్టి ఎగదొయ్యి. మూడు వారాలైనా చిగురు కదలకపోతే అప్పుడు తవ్వి చూడు, అంతకుముందు కాదు. రోజూ పీకి చూసేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను.

పాతేముందు వేర్లని 20-30 నిమిషాలు మామూలు నీళ్లలో ఉంచితే చాలు. రాత్రంతా నానేస్తే గాలాడక వేర్లు చెడతాయి. అన్నీ ఒకేసారి బయట పరచకు, తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టుకుని ఒక్కొక్కటే తియ్యి. పది నిమిషాల ఎండగాలి చాలు ఆ సన్నవేర్లు మాడడానికి. ఇవాళ కుదరదంటే తేమగా పిండిన గుడ్డలో వేర్లు చుట్టి, కవర్లో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో ఉంచు. డీప్ ఫ్రీజర్లో కాదు! మగ్గుతున్న పళ్ల పక్కనా వద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు మంచిది కాదు. నాలుగైదు రోజులు దాటేలా ఉంటే నీడలో గాడి తీసి వేర్లు మట్టిలో కప్పిపెట్టు.

చోటు సంగతి. నీ టమాటా మడి ఖాళీ అయిందని మురిసిపోతూ రాశావు. అక్కడ మాత్రం వద్దు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప, వీటికీ దీనికీ వెర్టిసిలియం ఎండుతెగులు ఉమ్మడి శత్రువు, ఏళ్ల తరబడి మట్టిలో కాచుక్కూర్చుంటుంది. మూడు నాలుగేళ్ల ఎడం ఉండాలి. రోజుకి 6 నుంచి 8 గంటల ఎండ, 5.5 - 6.5 పీహెచ్ (మట్టి పులుపు చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ఉన్న మట్టి చూసుకో. పీహెచ్ ఎక్కువైతే ఇనుము అందక కొత్తాకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. నీళ్లు నిలిచే నేలైతే 20 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టు. బాగా చివికిన కంపోస్టు ముందే కలిపెయ్యి, రసాయన ఎరువు గుంటలో వెయ్యకు, ఆ ఉప్పు వేర్లని కాల్చేస్తుంది.

ఆడ మొక్క, మగ మొక్క రెండూ కావాలా అని అడిగావు. నవ్వాను గానీ, నీ ప్రశ్నకో చరిత్ర ఉంది. ఫ్రెజియే అని ఒక ఫ్రెంచి సైనికాధికారి 1714లో చిలీ నుంచి పెద్దకాయ రకం మొక్కలు మోసుకెళ్లాడు. తీరా చూస్తే అన్నీ ఆడవే, కాపు లేదు. ఉత్తర అమెరికా రకం పక్కన చేరాకే కాశాయి. ఆ రెండిటి సంకరమే ఇప్పుడు నీ చేతిలో ఉన్న ఎలక తోక. నీ మొక్క పువ్వులో రెండూ ఉంటాయి, తేనెటీగ తిరిగితే చాలు. అది సరిగ్గా తిరగకపోతే కాయ వంకరగా వస్తుంది.

పువ్వులంటే గుర్తొచ్చింది, ఇది చదివి గుండె పట్టుకోకు. మొదటి పువ్వులు తుంచెయ్యాలి. ఏడాదికి ఒకే విడత కాసే రకమైతే మొదటి ఏడు వచ్చినవన్నీ, విడతలు విడతలుగా కాసేదైతే మొదటి ఆరు వారాలూ. కాయకి పోయే బలం వేరుకి పోవాలి. కట్ట మీద ఏ రకమని ఉందో రాయనే లేదు నువ్వు. విడతల రకమైతే 30 సెంటీమీటర్ల ఎడం చాలు, రన్నర్లు కూడా వచ్చినవి వచ్చినట్టు కత్తిరించు. ఒకే విడత రకమైతే 45 ఉంచు, ఎందుకంటే అది రన్నర్లతో...

ఇదిగో, టపా తీసే వేళయింది, మిగతాది తరవాతి ఉత్తరంలో. నీళ్ల సంగతొక్కటి. వారానికి రెండున్నర సెంటీమీటర్ల వాన పడ్డంత తడి చాలు. పొయ్యబోయే ముందు మొక్క పక్కన వేలు రెండు కణుపులు దింపి చూడు. లోపల చెమ్మ తగిలిందా, చెంబు కింద పెట్టు.

నీ
గొడుగు దొంగ