2024–25 వార్షిక నివేదిక: దాణా కొట్లు

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన పాడి రైతుల సంఘం పని ఎక్కువగా దాణా కొట్ల (దాణా నిల్వ ఉంచే గదుల) మీదే సాగింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. కృష్ణ లంకల్లో తడిసిన దాణాను ఏం చేయాలో చెప్పడంతోనే మన పని మొదలైంది.

వరద నీరు తగిలిన తవుడు, నూనెగింజల చెక్క, మొక్కజొన్న ఎండబెట్టి వాడొద్దు. బూజు దులిపినా అది వదిలిన అఫ్లాటాక్సిన్ విషం ఎండకు పోదు, ఉడికించినా పోదు. తిన్న ఒకటి రెండు రోజుల్లోనే పాలలోకి దిగుతుంది. పాలలో కిలోకు 0.5 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశంలో పరిమితి. పాడైన దాణాను కోళ్లకు వేద్దామని కొందరు అడిగారు. కోళ్లు, అంతకన్నా బాతులు, ఈ విషానికి తొందరగా లొంగుతాయి. గొయ్యి తీసి పూడ్చేయడమే మేలు.

వరద రాని ఊళ్లలోనూ తేమ ఊరుకోదు. నల్లరేగడి మీద వేసిన సిమెంటు గచ్చు కూడా చెమ్మ పైకి లాగుతుంది. బస్తాలు అర అడుగు ఎత్తు చెక్క పలకల మీద, గోడకు అడుగున్నర ఎడంగా పెట్టండి. ఆ సందులో చీపురు పడుతుంది, ఎలుక పెంటికలూ కంటబడతాయి. కొన్న తేదీ బస్తా మీద రాసి పాతది ముందు వాడండి. నూనె తీయని తవుడు పది రోజులకు సరిపడా చాలు. వేసవిలో త్వరగా చేదెక్కుతుంది, గేదె తొట్టిలో మూతి పెట్టదు. వేరుశనగ చెక్కను విరిచి లోపల చూడందే కొనకండి. పైకి బాగానే ఉండి, మధ్యలో పచ్చటి నూగు పట్టి ఉండొచ్చు.

మొక్కజొన్న తేమకు మీటరు లేనివారికి శిక్షణలో చూపిన ఉప్పు పరీక్ష సరిపోతుంది. పొడి గాజు సీసాలో మూడో వంతు గింజలు, బాగా ఎండిన ఉప్పు రెండు చెంచాలు వేసి, మూత బిగించి రెండు నిమిషాలు ఊపండి. కాసేపు ఆగి చూస్తే ఉప్పు గాజుకు అంటుకుందంటే తేమ 15 శాతం దాటినట్టే. 12 లోపు దిగేదాకా ఎండబెట్టండి.

మన జిల్లాలో తేమ కన్నా భయపడాల్సింది దాణా పక్కన ఏముందన్నదే. మిరప, పత్తి సాగుచేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు, స్ప్రేయర్లు, యూరియా, దాణా ఒకే గదిలో ఉంటున్నాయి. యూరియాను ఉప్పనుకుని దాణాలో కలిపితే గంటలోపే గేదెకు నురగ, వణుకు, కడుపుబ్బరం వస్తాయి. వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయాలి. అందుకే యూరియాకు వేరే గది, తాళం. పురుగుమందు ఖాళీ సంచుల్లో, మందు పట్టించిన విత్తనాల సంచుల్లో తవుడు పోయడం పూర్తిగా మానాలి, ఎన్నిసార్లు ఉతికినా సరే. కోళ్ల మేత విడి డ్రమ్ములో ఉంచండి. అందులో ఎముకల పొడి ఉండొచ్చు, అది పాడి పశువులకు నిషిద్ధం. గేదెల ఖనిజ మిశ్రమం గొర్రెలకు వేయొద్దు, అందులోని రాగి వాటి కాలేయంలో పేరుకుంటుంది.

ఒక్కో జాతి మేతకు ఒక్కో రంగు మూత, దానికే ఒక కొలత డబ్బా. డబ్బా మారితే మేత కలిసినట్టే. కొట్టు తలుపుకు గడియ మాత్రమే ఉంటే చాలదు, గేదె కొమ్ముతో తీసేస్తుంది. కడుపునిండా గింజలు తిన్న పశువు దక్కడం కష్టం.

వచ్చే ఏడాది చెక్క పలకలు ఉమ్మడిగా కొందామని తీర్మానించాం. కావలసినవారు కొట్టు కొలతలతో పాటు మే నెలాఖరులోగా కార్యదర్శికి పేర్లు ఇవ్వాలి.