వార్షిక నివేదిక: రువాయోమోఁ మఠం చూసిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిగాయి. పిల్లల తెలుగు తరగతులు ఆగకుండా నడిచాయి. జమాఖర్చులు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో సమర్పిస్తారు. కార్యదర్శిగా ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒక్క కార్యక్రమానికే ఇస్తున్నాను. అది పారిస్‌కు ఉత్తరాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న రువాయోమోఁ మఠానికి మనం రెండు విడతలుగా చేసిన యాత్ర. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటూ మనలో చాలామంది దాని పేరైనా వినలేదు. ఆ లోటు కొంతైనా తీరినందుకు సంతోషంగా ఉంది.

ఆ పేరుకు అర్థం ‘రాజగిరి’. ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ 1228లో, తండ్రి చివరి కోరిక తీర్చడానికి, సిస్టెర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసుల కోసం దీన్ని కట్టించాడు. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లు. రాజ్యం తల్లి బ్లాన్ష్ చేతుల మీదుగా నడుస్తోంది. 1235లో చర్చి ప్రతిష్ఠ జరిగింది. వంద మీటర్లకు పైగా పొడవున్న ఆ చర్చి ఇప్పుడు లేదు. పచ్చికలో వరుసగా స్తంభాల మొదళ్లు, ఒక మూల ఒంటరిగా నిలిచిన మెట్ల బురుజు మాత్రమే ఉన్నాయి. బురుజు కింద నిలబడి తలెత్తి చూస్తే పోయినదెంతో మెడ నొప్పే చెబుతుంది.

చర్చిని కూల్చింది యుద్ధం కాదు. ఫ్రెంచి విప్లవకాలంలో ప్రభుత్వం మఠాల ఆస్తులను అమ్మకానికి పెట్టింది. కొన్న మార్కీ ద త్రావనే అనే ప్రభువు ఇక్కడ నూలు మిల్లు పెట్టాడు. 1792లో చర్చిని పడగొట్టించి, ఆ రాళ్లతో కార్మికులకు ఇళ్లు కట్టించాడు. ఈ మాట విన్నప్పుడు మన వాళ్లు కాసేపు మౌనంగా ఉండిపోయారు. మచిలీపట్నం అద్దకపు బట్టల కోసం ఒకప్పుడు ఎగబడిన దేశమిది. ఆ మోజు పట్టలేక 1686లో ఆ బట్టలను నిషేధించి, 1759 దాకా ఆ నిషేధాన్ని కొనసాగించింది. నిషేధం తొలగిన నలభై ఏళ్లలోపే సన్యాసుల ఇంట్లో సొంతంగా నూలు వడికింది.

మిల్లుకు పనికొచ్చాయి కాబట్టే మిగతా కట్టడాలు బతికాయని నా అభిప్రాయం. మరుగుదొడ్ల కట్టడం కింద సన్యాసులు పారించిన కాలువ మీదే మిల్లు చక్రం తిరిగింది. నాలుగు పక్కలా వసారాలున్న లోపలి తోట మన మండువా లోగిలిని గుర్తు చేసింది. అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగింది భోజనశాలలో. సన్నని స్తంభాల మీద ఎత్తయిన కప్పు, గోడలోనే తొలిచిన పఠనపీఠం. సన్యాసులు మౌనంగా తింటుంటే ఒకరు అక్కడి నుంచి గ్రంథం చదివేవారు. అన్నం ముందు మాట్లాడితే తాతగారు ఊరుకునేవారు కాదని మా పెద్దావిడ ఒకరు ఆ పీఠం కిందే నిలబడి చెప్పారు.

అదే గదిలో మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ ఫ్రెంచి సైనికుల మంచాలు వేశారు. 1915 నుంచి 1919 వరకు స్కాట్లండ్ మహిళా ఆసుపత్రుల సంస్థ తరఫున వచ్చిన మహిళా వైద్యులు, నర్సులు ఇక్కడ ఆసుపత్రి నడిపి పదివేలకు పైగా రోగులకు సేవ చేశారు. శస్త్రవైద్యురాలు ఫ్రాన్సెస్ ఐవెన్స్ దానికి అధిపతి. స్త్రీలకు యుద్ధంలో పనేమిటని పెద్దలు కొట్టిపారేసిన రోజుల్లో సాధించిన విజయమిది. మన ఆడపిల్లలకు ఈ కథ తప్పక తెలియాలి.

1964లో గువేఁ దంపతులు తమ ఆస్తిగా ఉన్న మఠాన్ని ఒక ధర్మసంస్థకు అప్పగించారు. అప్పటి నుంచి సంగీతం, నృత్యం, పరిశోధన ఇక్కడ నిలిచాయి.

రెండో యాత్రలో వాన పడింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు పచ్చిక దాకా రాలేకపోయారు. వచ్చే మేలో వారి కోసమే మరొక యాత్ర పెడుతున్నాం, చక్రాల కుర్చీలు ముందే ఏర్పాటు చేస్తాం. తెలుగులో ఒక చిన్న పరిచయ పుస్తకం కూడా సిద్ధమవుతోంది. పఠనపీఠం మెట్లు స్పష్టంగా కనిపించే ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంపండి, నేను తీసినవన్నీ మసకగా వచ్చాయి.