శిక్షణ స్లైడ్ల పెట్టె పూర్తయింది: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

మలేరియా రక్తపరీక్ష నేర్చుకునే కొత్త ల్యాబ్ టెక్నీషియన్ల కోసం తలపెట్టిన స్లైడ్ల పెట్టె, దానితో పాటు ఇచ్చే తెలుగు కైపుస్తకం ఈ వారం పూర్తయ్యాయి. పాడేరు ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి పదవీ విరమణ పొందిన నాకు ఇది ఒంటిచేతి మీద అయ్యే పని కాదు. సాయపడినవారిలో చాలామంది తమ పేర్లు రాయవద్దన్నారు గనుక, చేసిన పనిని బట్టే ఇక్కడ వారిని తలచుకుంటున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో వానలు మొదలయ్యాయంటే బల్ల మీద రక్తపూతలు (గాజు స్లైడు మీద పూసిన రక్తం) గుట్టలు పడేవి. వాటిలో పాజిటివ్‌లు ఎన్నో ఉండేవి కాబట్టి కొత్తవారి కన్ను ఒక్క సీజన్‌లోనే కుదురుకునేది. దోమతెరలు, ఇళ్లలో మందు పిచికారీ, ఆశా కార్యకర్తల చేతికొచ్చిన, అక్కడికక్కడే ఫలితం చెప్పే ర్యాపిడ్ కిట్లు, ఆర్టిమిసినిన్ కలిసిన మందులు వచ్చాక కేసులు బాగా తగ్గాయి. ఇంతకంటే సంతోషించవలసిన విషయం మాకు మరొకటి లేదు. అయితే నెలల తరబడి నెగటివ్ స్లైడ్లే చూసిన టెక్నీషియన్, తీరా ఒక పాజిటివ్ ఎదురైన నాడు దాన్ని పోల్చుకోలేకపోయే ప్రమాదం కూడా వచ్చింది. 2030 నాటికి మలేరియాను నిర్మూలించాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. 1965 నాటికి సుమారు లక్షకు దిగిన కేసులు 1976లో 64 లక్షలు దాటిన చరిత్ర మనకు ఉంది కాబట్టి, తగ్గిన కాలంలోనే పరీక్ష మరింత గట్టిగా ఉండాలని నా నమ్మకం.

కిట్లు ఉండగా మైక్రోస్కోప్ ఎందుకని కొందరు అడిగారు. మలేరియా పరాన్నజీవుల్లో ప్రమాదకరమైన జాతి అయిన ఫాల్సిపారంను పట్టే కిట్లు చాలావరకు హెచ్.ఆర్.పి.-2 అనే ప్రొటీన్‌ను చూసి ఫలితం చెబుతాయి. ఆ ప్రొటీన్‌కు మూలమైన జన్యువు లేని పరాన్నజీవులు మన దేశంలోనూ కనబడ్డాయి, వాటిని అలాంటి కిట్ పట్టలేకపోవచ్చు. పైగా మందు పడి పరాన్నజీవి చచ్చిన తరువాత కూడా ఆ ప్రొటీన్ కొన్ని వారాలు రక్తంలో మిగిలి, కిట్ మీద గీత చూపిస్తుంది. రోగికి తగ్గిందా లేదా అని తేల్చవలసి వచ్చినప్పుడు రక్తపూత చూడక తప్పదు.

నా మొదటి కృతజ్ఞతలు, జ్వరంతో ఉండి కూడా అదే సూదిపోటు నుంచి మరో రెండు మూడు పూతలకు రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్నవారికి, తమ బిడ్డల తరఫున ఒప్పుకున్న తల్లులకు. ఆ పూతలు ఎందుకో వారికి ఇక్కడి గిరిజనుల కువి భాషలో ఓపికగా వివరించి, వద్దన్నవారిని రెండోమాట అడగకుండా వదిలేసిన ఆశా అమ్మలకు, ఆ హడావుడిలో చికిత్స ఒక్క నిమిషం కూడా ఆలస్యం కానివ్వని నా తోటి టెక్నీషియన్లకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

స్లైడ్లన్నిటినీ తిరిగి పరిశీలించిన క్రాస్ చెకింగ్ విభాగపు విశ్రాంత పెద్దాయన గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒక స్లైడును మేమందరం ఫాల్సిపారం అని రాసి పక్కన పెట్టాం. మందపాటి పూతలో సన్నని రింగులు, నెలవంక ఆకారపు గేమిటోసైట్లు (దోమకు సోకే దశ) స్పష్టంగా ఉన్నాయి. ఆయన అంతటితో ఆగలేదు. పలుచని పూత చివరి అంచుకు వెళ్లి, ఫీల్డు తరువాత ఫీల్డు జరుపుతూ, ఉబ్బిన ఒక ఎర్రకణాన్ని పట్టుకున్నారు. దాని నిండా సన్నని గులాబీ చుక్కలు, మధ్యలో ఆకారం కుదరక సాగిపోయిన వైవాక్స్ అనే మరో జాతి పరాన్నజీవి. రెండూ కలిసిన కేసు అది. ఫాల్సిపారం ఒక్కటే అయితే ఏసీటీ (ఆర్టిమిసినిన్ కలిసిన మందులు)తో పాటు ప్రైమాక్విన్ ఒక్క మోతాదుతో సరిపోతుంది. వైవాక్స్ కూడా ఉంటే, కాలేయంలో దాగిన రూపాలు మళ్లీ జ్వరం తేకుండా ప్రైమాక్విన్ 14 రోజులు ఇవ్వాలి. ఆ చుక్కలు తేలాలంటే గీమ్సా రంగు కలిపే నీటి పి.హెచ్. 7.2 ఉండాలని కైపుస్తకంలో ఆయన చేతనే రాయించాను.

1894లో లండన్‌లో వైద్యుడు ప్యాట్రిక్ మాన్సన్ మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోప్ కింద చూపించేదాకా, దోమే మలేరియాను మోస్తుందని తరువాత నిరూపించిన రోనాల్డ్ రాస్‌కు దాని మీద నమ్మకం లేదు. అప్పుడు చూసిన నల్లని రేణువులే 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్ట గోడ మీద కనబడితే ఆయన పోల్చుకోగలిగారు. ఒకరి కన్ను మరొకరి కన్నుకు నేర్పవలసిన విద్య ఇది. అందుకే ఇద్దరు ఒకేసారి చూడగల పాత మైక్రోస్కోప్‌ను మరమ్మతు చేయించి ఇచ్చిన మిత్రుడికి, లెన్సుల మీది బూజు తుడిచి కూలి పుచ్చుకోని విశాఖపట్నం మెకానిక్‌కు ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను.

మా కొండల తేమకు రంగు వెలిసిపోకుండా స్లైడ్లకు కవర్‌స్లిప్‌లు అతికించి ఆరబెట్టిన పెథాలజీ విభాగపు సిబ్బందికి, ఒక్కో దశకు రంగుల బొమ్మ గీసిన అమ్మాయికి, నా వాక్యాలను దిద్ది పెట్టిన తెలుగు మాస్టారికి కూడా నా ధన్యవాదాలు.

పెట్టె ప్రస్తుతం నా దగ్గరే ఉంది. శిక్షణకు కావలసిన ఆరోగ్య కేంద్రాలవారు అడిగితే వంతుల వారీగా పంపుతాను. అరువుగా ఇచ్చిన స్లైడ్లను ఈ నెలాఖరులోగా ఎవరివి వారికి అందజేస్తాను. మలేరియా పరాన్నజీవుల్లో మరొకటైన మలేరియే జాతి స్లైడు మాత్రం ఇంకా దొరకలేదు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ల్యాబుల్లో పనిచేసేవారి దగ్గర కణానికి అడ్డంగా పట్టీలా కనబడే దశ ఉన్న మంచి పలుచని పూత ఉంటే దయచేసి తెలియజేయండి. జాగ్రత్తగా తెప్పించుకునే ఏర్పాటు, ఖర్చు నేను చూసుకుంటాను.